డెస్క్‌టాప్ యాప్ రాయాలంటే ఏ కంపైలర్ పెట్టుకోవాలి?

కంపైలర్ అంటే మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చేది. "ఏ కంపైలర్ బెస్ట్?" అని అడిగితే ఎవరికి నచ్చింది వాళ్లు చెబుతారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: విండోలు, బటన్లు ఏ లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన కోడ్‌తో) పెట్టబోతున్నారు, ఆ యాప్ ఎవరి కంప్యూటర్‌లో నడవాలి. ఈ రెండూ తేలితే కంపైలర్ పేరు చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ ప్లస్ ప్లస్ మీద చేయి తిరిగినవాళ్లు దాన్ని అక్కడే వదిలేయండి. ఆ నీలం స్క్రీన్‌లో గ్రాఫిక్స్ డాట్ హెచ్ పెట్టి సర్కిల్ గీయడం సరదాగానే ఉంటుంది కానీ, అది డాస్ కాలం నాటి 16 బిట్ కంపైలర్. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవవు కాబట్టే డాస్‌బాక్స్ తగిలించుకుని నడుపుతున్నారు. సీ ప్లస్ ప్లస్‌కి మొదటి అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 1998లో, టర్బో అంతకంటే ముందుది, అక్కడ అలవాటైన కోడ్ ఈనాటి కంపైలర్‌కి ఇస్తే మొదటి లైన్‌లోనే ఎర్రర్ కొడుతుంది. ఇంకోటి, విజువల్ స్టూడియో కోడ్ అనేది ఎడిటర్, అందులో సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండదు. విజువల్ స్టూడియో వేరు, మైక్రోసాఫ్ట్ కంపైలర్ వచ్చేది దానితో. పేర్లు దగ్గరగా పెట్టి జనాన్ని బాగానే తికమక పెట్టారు.

విండోస్‌లో సీ ప్లస్ ప్లస్ అంటే పోటీ ముఖ్యంగా ఇద్దరి మధ్యే: మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎమ్మెస్‌వీసీ, జీసీసీ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్‌ని విండోస్‌కి తెచ్చిన మిన్‌జీడబ్ల్యూ. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలైన ఎమ్ఎఫ్‌సీతోనో విన్‌యూఐతోనో రాయాలనుకుంటే ఆలోచించే పనే లేదు, ఎమ్మెస్‌వీసీ వేసుకోవాల్సిందే. క్యూటీ అనే లైబ్రరీ అయితే ఇన్‌స్టాలర్‌లోనే రెండింటికీ విడివిడి కిట్లు కనిపిస్తాయి, చాలామంది ఇక్కడే ఏదో ఒకటి టిక్ పెట్టేసి తర్వాత తల పట్టుకుంటారు. మిన్‌జీడబ్ల్యూ కిట్‌తో సుఖం ఏమిటంటే కంపైలర్ కూడా ఆ ఇన్‌స్టాలర్‌లోనే దొరుకుతుంది, ఎమ్మెస్‌వీసీ కిట్‌లో క్యూటీ లైబ్రరీలు మాత్రమే వస్తాయి, కంపైలర్‌ని మీరు విడిగా తెచ్చుకోవాలి. కానీ యాప్‌లో వెబ్ పేజీ చూపించడానికి క్యూటీ వెబ్‌ఇంజిన్ కావాలంటే విండోస్‌లో అది మిన్‌జీడబ్ల్యూతో రాదు. సగం యాప్ రాశాక ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అసలు గొడవంతా లైబ్రరీలు కలపడంలో ఉంది. ఒక కంపెనీ బోల్టుకి ఇంకో కంపెనీ నట్టు పట్టనట్టే, ఎమ్మెస్‌వీసీతో కంపైల్ చేసిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ మిన్‌జీడబ్ల్యూ ప్రోగ్రామ్‌తో కలవదు. ఒకే ఫంక్షన్ పేరుని రెండు కంపైలర్లూ లోపల వేరువేరుగా రాసుకుంటాయి, లింకర్ (ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ చేసేది) వెతికే పేరు ఒకటి, ఫైల్‌లో ఉండేది ఇంకొకటి. ఫలితంగా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని వంద లైన్లు కురుస్తాయి, కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు. బార్‌కోడ్ స్కానర్‌కో బిల్లు ప్రింటర్‌కో తయారీదారు ఇచ్చిన లైబ్రరీ వాడాల్సి ఉంటే ముందు అది దేనితో కంపైల్ చేశారో కనుక్కుని అదే పెట్టుకోండి. ఉత్త సీ ఫంక్షన్లు ఇచ్చే డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) అయితే ఇంత ఇబ్బంది ఉండదు. విజువల్ స్టూడియో 2015 నుంచి 2022 దాకా వచ్చిన ఎమ్మెస్‌వీసీలు మాత్రం, లింక్ చేసేటప్పుడు అన్నింట్లో కొత్తది వాడితే, ఒకదానితో ఒకటి కలుస్తాయి. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ కావాలంటే దాని క్లాంగ్-సీఎల్ రూపం వాడండి, ఎమ్మెస్‌వీసీ లైబ్రరీలతో సర్దుకుపోతుంది.

నన్నడిగితే, విండోస్‌కే రాస్తున్నప్పుడు, డిస్క్‌లో కొన్ని జీబీలు ఖాళీ ఉన్నప్పుడు ఎమ్మెస్‌వీసీయే పెట్టుకోండి. విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ సొంతంగా రాసుకునేవాళ్లకి ఉచితం, కంపెనీలో అయితే లైసెన్స్ షరతులు చదువుకోవాలి. ఇన్‌స్టాలర్‌లో "డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ ప్లస్ ప్లస్" ఒక్కటి టిక్ పెడితే చాలు, కనబడిందల్లా నొక్కొద్దు.

తెలుగులో లేబుళ్లు పెట్టేవాళ్లకి ఒక చిన్న చిక్కు. సోర్స్ ఫైల్ మామూలుగా యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలో) సేవ్ చేసి కోట్స్ మధ్య "బిల్లు" అని రాస్తే జీసీసీ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. ఎమ్మెస్‌వీసీ మాత్రం ఆ ఫైల్‌ని సిస్టమ్ కోడ్‌పేజీలో (విండోస్ పాత అక్షర పద్ధతిలో) ఉందనుకుని చదువుతుంది, బటన్ మీద అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, మీరేమో ఫాంట్ తప్పనుకుని గౌతమి, నిర్మలా అంటూ మారుస్తూ కూర్చుంటారు. కంపైలర్ ఆప్షన్లలో స్లాష్ తర్వాత యూటీఎఫ్-8 అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో చేర్చండి, సరిపోతుంది.

ఇంతకీ మీరు రాసేది కిరాణా కొట్టు బిల్లింగ్ లాంటి నాలుగు ఫారాల యాప్ అయితే అసలు సీ ప్లస్ ప్లస్ జోలికి ఎందుకు వెళ్లడం? సీ షార్ప్‌లో విన్‌ఫారమ్స్ తీసుకుంటే బటన్ లాగి పెట్టి, డబుల్ క్లిక్ చేసి కోడ్ రాయడమే. విండోస్ 11లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 ముందే ఉంటుంది కాబట్టి దానికి కంపైల్ చేస్తే చిన్న ఈఎక్స్ఈ పంపితే సరిపోతుంది. పాస్కల్ వచ్చినవాళ్లకి లాజరస్ ఉంది, ఫ్రీ పాస్కల్ కంపైలర్‌తో కలిపే వస్తుంది, పాత కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తుంది, ఎందుకో మనవాళ్లు దాన్ని పట్టించుకోరు.

మ్యాక్‌లో ఎక్స్‌కోడ్‌తో వచ్చే క్లాంగ్, లైనక్స్‌లో జీసీసీ, అక్కడ పెద్ద చర్చ లేదు. లైనక్స్‌లో మాత్రం కొత్త వెర్షన్ మీద కంపైల్ చేసింది పాత జీలిబ్‌సీ (లైనక్స్ మూల సీ లైబ్రరీ) ఉన్న మెషీన్‌లో మొరాయిస్తుంది, అందుకని మీ వాడుకరుల్లో అందరికన్నా పాత వెర్షన్ ఎవరి దగ్గరుందో దాని మీదే బిల్డ్ చేయండి.

కంపైలర్ ఖాయం చేసుకునే ముందు ఒక బటన్ ఉన్న ఖాళీ విండో రాసి, రిలీజ్ మోడ్‌లో బిల్డ్ చేసి, విజువల్ స్టూడియో గానీ క్యూటీ గానీ లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఎమ్మెస్‌వీసీ అయితే వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదనవచ్చు, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ వేయాలి. మిన్‌జీడబ్ల్యూ అయితే లిబ్ అని మొదలయ్యే రెండు మూడు డీఎల్ఎల్‌లు ఈఎక్స్ఈ పక్కన పెట్టాలి. క్యూటీ ప్లాట్‌ఫామ్ ప్లగిన్ దొరకలేదని మెసేజ్ వస్తే క్యూటీతో వచ్చే విన్‌డిప్లాయ్‌క్యూటీ నడిపి, అది పోగేసిన ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. విండో వెనక నల్లటి కన్సోల్ కూడా తెరుచుకుంటే కంగారు పడొద్దు, మిన్‌జీడబ్ల్యూలో మైనస్ ఎమ్‌విండోస్ ఆప్షన్, ఎమ్మెస్‌వీసీలో లింకర్ సబ్‌సిస్టమ్‌ని విండోస్‌కి మార్చడం, అంతే.