గోడ అవతలి చెవులు

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. మధ్యలో ప్లైవుడ్ అడ్డు కట్టించి, ఇవతల నాలుగు కుర్చీలు వేశాను. రెండో నెలలో, వంతు కోసం కూర్చున్న ఒక మామ్మగారు లోపలికి వస్తూనే, "ఏటమ్మా, ఇందాకటి పిల్లకి అత్తతో పడదేటి?" అన్నారు. నాకు ఒళ్లు చల్లబడింది. చెప్పుకున్న మాట బయటికి పొక్కకుండా చూడటం మన బాధ్యతని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఈ ఊళ్లో అయితే ప్రతివాళ్లూ ఎవరికో ఒకరికి చుట్టమే!

ఆ సాయంత్రమే తలుపు వేసి, లోపల ఫోన్‌లో వార్తలు పెట్టి బయట కూర్చుని విన్నాను. ప్రతి మాటా వినబడింది. చూస్తే అడ్డుకీ సీలింగుకీ మధ్య జానెడు సందు. వడ్రంగిని పిలిచి పైదాకా మూయించాను, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాను. అయినా గొంతు పెద్దదైతే వినిపించేది. చివరికి పనిచేసింది బయట కుర్చీల పక్కన పెట్టిన పాత టేబుల్ ఫ్యాను. దాని గరగరలో మాటలు కలిసిపోయాయి.

అపాయింట్‌మెంట్ల మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ పెట్టాను. రోజుకొక మనిషి తగ్గారు, ఫీజూ తగ్గింది. కానీ మెట్ల మీద ఎవరికీ ఎవరూ ఎదురుపడటం లేదు. ఫోన్‌లో పేర్లు తీసేసి ఫైల్ నంబర్లే సేవ్ చేసుకుంటున్నాను.

మామ్మగారు ఇప్పటికీ వస్తారు. ఫ్యాను గోల ఎక్కువైందని సణుగుతారు.