కుక్క ఉన్న ఇంట్లో మనీ ప్లాంట్ పెంచడం ఎలా?

మనీ ప్లాంట్ కుక్కలకు పడదు. అలాగని మామూలుగా ప్రాణం తీసేదీ కాదు. ఆకులోనూ కాడలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కంటికి కనపడని సూదులు అవి. కొరకగానే నాలుకకు, చిగుళ్లకు గుచ్చుకుంటాయి. కుక్క చొంగ కారుస్తుంది, ముందు కాళ్లతో మూతి గీరుకుంటుంది, ఒక్కోసారి కక్కుతుంది.

కావలసినవి సీలింగ్ హుక్, గట్టి తీగ, కత్తెర. తొట్టి వేలాడదీయండి. మొక్క తీగ మీ నడుము దాకా దిగిందంటే కత్తిరించేయాలి. ఆ ముక్కల్ని, రాలిన పండుటాకుల్ని వెంటనే ఏరి మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. సీసాలో నీళ్లు పోసి, అందులో మొక్కను వేసి కిటికీలో పెట్టడం మాత్రం కుక్క ఉన్న ఇంట్లో నిషేధం. తోక ఒక్కటి తగిలితే చాలు, తీగంతా దాని నోటి ముందే ఉంటుంది.

ఆకుల మీద కారం చల్లితే దగ్గరకు రాదని గుంటూరులో ఎవరిని అడిగినా చెబుతారు. మన కారం సంగతి తెలిసి కూడా ఈ సలహా ఎలా ఇస్తారో! అది కుక్క కళ్లలో, ముక్కులో పడితే ఆకు కొరికినదానికంటే ఎక్కువ అల్లాడుతుంది. ఫ్యాన్ వేస్తే మీకూ తుమ్ములే. హుక్కే మేలు.

ఇక అందరూ చెడగొట్టేది, కుక్క ఆకు కొరికాక చేసే పని. విషం అనగానే మనవాళ్లు ఉప్పునీళ్లు పట్టించి కక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దిగేటప్పుడు గుచ్చుకున్న స్ఫటికాలు పైకొచ్చేటప్పుడు గొంతును మళ్లీ గీరుతాయి. పైగా ఒంట్లో ఉప్పు ఎక్కువైతే మెదడుకే ముప్పు. మొక్క చేయని కీడు ఉప్పు చేస్తుంది. వేలు పెట్టి కక్కించడమూ వద్దు.

దాని తల కిందికి వంచి పట్టుకోండి. పెదవి పక్కకు లాగి, కనపడిన ఆకు ముక్కలు తీసేయండి. తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. గుడ్డ మళ్లీ మళ్లీ కడుగుతూ తుడవాలి. పైపు పెట్టి నోట్లోకి నీళ్లు కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాత, వాంతులు లేకపోతేనే, రెండు చెంచాల చల్లటి పెరుగు పెట్టండి. నోటి మంటకు కాస్త హాయిగా ఉంటుంది. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలొద్దు. ఐబుప్రోఫెన్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మామూలుగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. మూతి వాచినా, ఊపిరి తీస్తుంటే గురగుర వినపడినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. కొరికిన ఆకు కవర్లో వేసి తీసుకెళ్లండి.

ఈ పెరుగు వైద్యం మనీ ప్లాంట్, అవే స్ఫటికాలుండే డిఫెన్‌బాకియా లాంటి కుండీ మొక్కలకే. గన్నేరు, పచ్చ గన్నేరు, ఎడీనియం తింటే గుండె మీద దెబ్బ. పామ్‌లా కనపడే సైకస్ తింటే కాలేయం పోతుంది, గింజలు మరీ ప్రమాదం. వీటిలో ఏది తిన్నా లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. కడియం నుంచి విజయవాడ నర్సరీలకు వచ్చే మొక్కల్లో సైకస్‌నూ, కుక్కలకు ఏమీ చేయని అరెకా పామ్‌నూ కలిపి ‘పామ్’ అనేస్తారు. కొనేటప్పుడు అది సైకస్ కాదు కదా అని అడిగి మరీ తీసుకోండి.