ఒకసారికి ఒక్క పనే చెప్పండి
మా బాబుకి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేక, ఆలోచించకుండా చేసేసే సమస్య) అని తేలాక, అమలాపురంలో మా ఇంట్లో బాగా పనిచేసిన అలవాటు ఇది. "బ్యాగ్ తీసి, డైరీ చూసి, లెక్కలు చెయ్యి" అని ఒకేసారి చెబితే మొదటిది చేసేలోపే మిగతా రెండూ వాడి తలలోంచి జారిపోతాయి, అది పొగరు కాదు, బద్ధకం అంతకన్నా కాదు. దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి ఒక్కటే చెప్పండి. అయ్యాక రెండోది.

టైమర్ 10 నిమిషాలు పెట్టి నాలుగు లెక్కలు, తర్వాత 5 నిమిషాలు పెరట్లో కొబ్బరి మొక్కలకి నీళ్లు పోయడమో, కాలవగట్టు మీద కాసేపు పరుగో (కాలవలకి నీళ్లు వదిలాక పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఈ పిల్లలు ఆలోచించేలోపే దూకేస్తారు). ఫోన్ మాత్రం ఇవ్వకండి, మళ్లీ పుస్తకం దగ్గరికి రాడు. మెచ్చుకోలు అప్పటికప్పుడే, రాత్రి నాన్న వచ్చేదాకా ఆగొద్దు. డాక్టరు రాసిన మందులుంటే మానకండి, ఇది వాటికి బదులు కాదు.