గేట్‌వే పింగ్ అవుతోంది, మీటర్ రీడింగ్ మాత్రం రాదు

ఆర్‌ఎస్-485 (సీరియల్) లైను మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ (సీరియల్ లైను ప్రోటోకాల్) వాడే మీటర్లను, ఆ లైనును నెట్‌వర్కుకు కలిపే గేట్‌వే ద్వారా మోడ్‌బస్ టీసీపీకి (దాని ఈథర్‌నెట్ రూపానికి) కలిపినప్పుడు, తప్పు ఏ వైపు ఉందో ముందు తేల్చుకోవాలి. పింగ్ వచ్చిందంటే ఈథర్‌నెట్ వైపు దారి ఉందని మాత్రమే అర్థం.

సమస్య: కనెక్షనే కుదరడం లేదు

ఐపీ, సబ్‌నెట్ సరిగ్గా ఉంటే ఫైర్‌వాల్‌లో టీసీపీ పోర్టు 502 తెరిచి ఉందో లేదో చూడండి. చాలా గేట్‌వేలు కొన్ని కనెక్షన్లనే ఒప్పుకుంటాయి. టెస్టింగ్ కోసం తెరిచి మరిచిపోయిన సాఫ్ట్‌వేరే ఆ చోటు ఆక్రమించి ఉండొచ్చు.

సమస్య: ఎక్సెప్షన్ కోడ్ 11

ఇది గేట్‌వే పంపే ఎర్రర్ సంకేతం. నిజానికి ఇది మంచి కబురే. అభ్యర్థన గేట్‌వే దాకా చేరింది, మీటరే పలకలేదు. (కోడ్ 10 వస్తే గేట్‌వే సెట్టింగుల్లో ఆ యూనిట్ ఐడీకి (మీటరు నంబరుకు) దారి ఉందో లేదో చూడాలి.) బాడ్ రేటు (లైను వేగం), పారిటీ (తప్పు పట్టే బిట్), స్టాప్ బిట్లు (బైటు ముగింపు గుర్తులు), స్లేవ్ ఐడీ (అదే మీటరు నంబరు) మీటరుతో సరిపోల్చండి. అవన్నీ సరిపోయినా పలకకపోతే లైనులోని ఏ, బీ వైర్లు తారుమారు చేసి చూడండి, ఏమీ కాలిపోదు. ఈ రెండక్షరాలను కంపెనీలు తలోరకంగా వాడతాయి కాబట్టి లేబుల్‌ను నమ్మలేం.

తర్వాత పవర్ ఆపి ఏ, బీల మధ్య ఓమ్‌లు కొలవండి. లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల టెర్మినేషన్ (కొసన పెట్టే రెసిస్టర్) ఉంటే సుమారు 60 చూపాలి. 120 దగ్గర ఉంటే ఒక కొస ఖాళీ. 40 అయితే మధ్యలో ఎవరో మూడోది పెట్టారు.

సమస్య: డేటా వస్తూ పోతూ ఉంది

ఎక్కువమంది కేబుల్‌ను అనుమానిస్తారు. ముందు టైమౌట్లు (జవాబు కోసం ఆగే గడువులు) చూడండి. సీరియల్ లైను మీద ఒకసారికి ఒక్క ప్రశ్నే వెళ్తుంది. 9600 బాడ్‌లో 10 రిజిస్టర్లు (మీటరులో విలువలుండే 16 బిట్ల గడులు) చదవడానికి రానూపోనూ 33 బైట్లు, అంటే దాదాపు 38 మిల్లీసెకన్లు. మీటరు ఆలోచించుకునే సమయం దీనికి అదనం. ఇదేమంత ఆలస్యం కాదు. కానీ ఆగిపోయిన మీటరు ఒక్కటున్నా, టైమౌట్ 1 సెకను, రీట్రైలు (మళ్లీ అడగడాలు) 3 పెట్టి ఉంటే, ప్రతి రౌండులో 4 సెకన్లు దానికే పోతాయి. ఈలోగా కంప్యూటర్‌లో మీటర్లను చదివే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) విసిగి, మళ్లీ అడుగుతుంది. గేట్‌వే క్యూ పెరుగుతుంది, బాగున్న మీటర్లు కూడా ఆఫ్‌లైన్ అంటాయి.

గేట్‌వేలో టైమౌట్ 500 మిల్లీసెకన్లు, రీట్రై 1 పెట్టండి. డ్రైవర్ టైమౌట్ 2 సెకన్లకు తగ్గకూడదు, రీట్రై 0. ఒకే గేట్‌వేను ఇద్దరు ముగ్గురు అడుగుతుంటే ఇంకా పెంచాలి. పనిచేయని మీటరును పోలింగ్ (వరసగా అడిగే జాబితా) నుంచి తీసేయండి.

సమస్య: విలువ వస్తోంది, అర్థం లేకుండా

మాన్యువల్‌లోని రిజిస్టర్ నంబరు 40001, లైను మీద చిరునామా 0గా వెళ్తుంది. డ్రైవర్ ఏ పద్ధతిలో లెక్కిస్తుందో తెలియకపోతే ఒకటి అటూ ఇటూ జరిపి చూడండి. 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) రెండు రిజిస్టర్లలో ఉంటుంది. 230 రావాల్సిన వోల్టేజీ బదులు పొంతన లేని అంకె వస్తే వర్డ్ ఆర్డర్ (ఆ రెండు రిజిస్టర్ల వరస) తిప్పండి.