చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? పార్టు మార్చే ముందు ఇవి చూడండి

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగిందని షెడ్డుకి వెళ్తే, స్కానర్ పెట్టిన రెండు నిమిషాల్లో ‘సెన్సర్ పోయింది సార్’ అనే మాట వస్తుంది. నిజానికి స్కానర్‌కి ఏ పార్టు పోయిందో తెలియదు. ఏ కొలత గాడి తప్పిందో మాత్రమే ఒక కోడ్ నంబరుగా చెబుతుంది. దానికి కారణం ఊడిన రబ్బరు గొట్టం కావచ్చు, పొగను శుభ్రం చేసే, పాతిక వేలు దాటే కేటలిటిక్ కన్వర్టర్ కావచ్చు.

లైటు నిలకడగా ఉందా, మెరుస్తోందా?

నిలకడగా ఉండి బండి మామూలుగా నడుస్తుంటే కంగారు లేదు, రెండు మూడు రోజుల్లో చూపించండి. మిణుకు మిణుకుమంటే మాత్రం ఏదో సిలిండర్ గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. అందులో కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించండి. అయినా మెరుపు ఆగకపోతే పక్కన ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయండి. టోయింగ్ ఖర్చు కన్వర్టర్ ఖర్చు ముందు ఏపాటిది?

ఎర్ర ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వేరే సంగతి. అవి వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి.

ముందు కోడ్ రాసుకోండి

స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. సుమారు 500 నుంచి 1,500 రూపాయల బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. కోడ్‌తోపాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ కూడా రాసుకోండి. లైటు వెలిగిన క్షణంలో ఆర్పీఎం, వేగం, ఇంజిన్ వేడి ఎంతో అందులో ఉంటాయి. ‘బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసిపెట్టు, పోతుంది’ అనే సలహా వినకండి. లైటుతోపాటు ఆధారం కూడా పోతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

వణుకు, పికప్ లేకపోవడం: పి0300 నుంచి పి0304

ఇది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. పి0302 అంటే రెండో సిలిండర్, పి0300 అంటే ఏదో ఒకటని చెప్పలేనట్టు అక్కడా ఇక్కడా. చాలా పెట్రోలు కార్లలో ఒక్కో స్పార్క్ ప్లగ్ మీద దానికి కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి ఉంటుంది కాబట్టి పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు.

పి0302 వచ్చిందనుకుందాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆపి, రెండో కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీయండి. బోల్టు విప్పి (ఎక్కువగా 10 ఎంఎం స్పానర్) కాయిల్‌ని కొద్దిగా తిప్పుతూ పైకి లాగండి. దాన్ని మూడో సిలిండర్‌కి, మూడోదాన్ని రెండుకి మార్చి, కోడ్ చెరిపి, బండి నడపండి. పి0303 వచ్చిందా, కాయిలే దొంగ. మళ్లీ పి0302 వస్తే ప్లగ్‌లను ఇలాగే మార్చి చూడండి. అప్పటికీ రెండోదే వస్తే ఇంజెక్టర్, వైరింగ్, చివరికి కంప్రెషన్ చూడాలి.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్ గుంతలో నూనె కనిపిస్తే వాల్వ్ కవర్ గాస్కెట్ గానీ, ప్లగ్ ట్యూబ్ సీల్ గానీ పోయిందని అర్థం. అది మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే దాని రబ్బరు కూడా నూనెకి మెత్తబడి పాడవుతుంది. గుంతలో దుమ్ముంటే ప్లగ్ విప్పకముందే గాలి కొట్టండి, లేదంటే అది సిలిండర్‌లో పడుతుంది. వాషరున్న కొత్త ప్లగ్‌ని చేత్తో చివరిదాకా బిగించి, ఆపైన స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. కాయిల్ ఒకటి పోతే ఒకటే మార్చండి, ప్లగ్‌లు మాత్రం సెట్‌గా మార్చండి.

ఐడిలింగ్ ఎగుడుదిగుడు: పి0171

లోపలికి వెళ్లే గాలికి తగ్గ పెట్రోలు లేదని కోడ్ అర్థం. ఇది సర్వీసింగ్ చేయించిన వారంలోపు వచ్చిందంటే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, దాని నుంచి థ్రాటిల్‌కి వెళ్లే గొట్టం చూడండి. వాటిని సరిగా కూర్చోపెట్టకపోయి ఉండొచ్చు. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూస్తే దారి తెలుస్తుంది. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న కార్లలో ఐడిలింగ్‌లో +20 దాకా ఉండి 2,500 ఆర్పీఎంలో తగ్గితే గాలి లీకు. వేగం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలులో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి పాత కార్లలో ట్రిమ్ +5 ప్రాంతంలో ఉండటం మామూలే.

బండి బాగానే ఉంది, లైటు మాత్రం ఉంది

పి0135 అయితే కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ని కొలిచేది) హీటర్ లోపం. సెన్సర్ కొనేముందు దాని ఫ్యూజు, వైరు చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే కార్లకి ఎలుకలు కొరికిన వైర్లు చాలా మామూలు. బానెట్ ఎత్తగానే పెంట, కొరికిన ఇన్సులేషన్ ముక్కలు కనిపిస్తాయి. కొరికిన చోట వైరు అతికి, సోల్డర్ చేసి, స్లీవ్ వేస్తే సరిపోయేదానికి మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్చమంటే ఒప్పుకోకండి.

పి0420 అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే అనుమానం. దీనికి మాత్రం కన్వర్టర్ మార్చే మాట ఎత్తకముందే దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ చూపించమనండి. వేడెక్కిన ఇంజిన్‌లో అది 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటే కన్వర్టర్ పనిచేస్తోంది. ముందు సెన్సర్‌లాగే 0.1 నుంచి 0.9 దాకా ఊగుతుంటే అనుమానించాలి, అదీ ఎగ్జాస్ట్ లీకు లేదని తేలాకే.

పెట్రోలు మూత బిగించమనే సలహా అమెరికాలో ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది, అక్కడి కార్లు ట్యాంకు ఆవిరి లీకును కూడా పరీక్షిస్తాయి. మన దగ్గర అమ్మే చాలా కార్లలో ఆ పరీక్ష ఉండదు.

బిల్లు దగ్గర

వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ గడువు ముందు చూసుకోండి. మామూలు ఇన్సూరెన్సు అరుగుదలకి డబ్బివ్వదు. ఎస్టిమేట్‌లో పార్టు ధర, లేబరు, స్కానింగ్ చార్జీ విడివిడిగా రాయించండి. ‘ఏ పరీక్షతో ఈ పార్టు పోయిందని తేల్చారు?’ అని అడగండి. కాయిల్ సుమారు 1,200 నుంచి 3,000, ఆక్సిజన్ సెన్సర్ 2,500 నుంచి 7,000 దాకా, మోడల్‌ని బట్టి. పాత పార్టు వెనక్కి తీసుకోండి. రిపేరయ్యాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి, లైటు లేకపోయినా ‘పెండింగ్’ కోడ్‌లు (ఇంకా లైటు వెలిగించనివి) ఉన్నాయేమో స్కాన్ చేయండి. అక్కడ పాత కోడే కనిపిస్తే బిల్లు పట్టుకుని అదే షెడ్డుకి వెళ్లండి.