ఫోన్ నంబరు ఇచ్చేముందు ఇంటి ప్రకటనను ఇలా చదవండి

నేను ప్రూఫ్‌రీడర్‌ని. పొద్దున లేస్తే ఇతరుల తప్పులు వెతకడమే పని. అలాంటిది, మా అమ్మాయికి ఫ్లాట్ చూసిపెడదామని ఒక సైట్ తెరిచి మొదటి రోజే బోల్తా పడ్డాను. 'ఓనర్ వివరాలు చూడండి' అన్నచోట నొక్కితే నంబరు అడిగింది. ఇచ్చాను, ఓటీపీ కూడా కొట్టాను. ఓనర్ సంగతి దేవుడెరుగు, సాయంత్రంలోగా పదిహేడు మంది ఏజెంట్లు ఫోన్ చేశారు. నేను చూసిన ఫ్లాట్ ఎప్పుడో అమ్ముడైపోయిందట. 'అలాంటిదే ఇంకోటుంది సార్' అట.

"ప్రూఫులైతే మూడుసార్లు చదువుతావు కదా నాన్నా, దీన్నెందుకు చదవలేదు?" అంది అమ్మాయి. అప్పట్నించి ప్రకటనల్ని కూడా ప్రూఫుల్లాగే చదువుతున్నాను.

ముందు లాగిన్ అవకుండా, ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో) చూడండి. ధర, విస్తీర్ణం, అంతస్తు, ఫోటోలు మామూలుగా అందరికీ కనిపిస్తాయి. సెర్చ్‌లో పైకి రావాలంటే సైట్లు అంతమాత్రం తెరిచి ఉంచాల్సిందే. దాచేది ఫోన్ నంబరు, ఇంటి నంబరు. మన నంబర్లను ఏజెంట్లకు ఇవ్వడంలోనే చాలా సైట్లకు ఆదాయం. కాబట్టి తెరిచి ఉన్నదంతా పిండుకున్నాకే నంబరు మాట.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రకటన నంబరు, తేదీ, ధర, విస్తీర్ణం రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీయండి, రేపటికి ధర మారిపోవచ్చు. పెద్ద ప్రాజెక్టయితే దాని పేజీ లింకును వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. 1996 నుంచి దాచిన వెబ్ పేజీలు అక్కడున్నాయి. అన్నీ దొరకవు గానీ, దొరికితే పాత హామీలు బయటపడతాయి. 'నిన్న పెట్టింది' అంటే నిన్న రెన్యూ చేశారని కూడా అయ్యుండొచ్చు.

ఇక అసలు పని, ఒకే ఇంటికి ఉన్న వేర్వేరు ప్రకటనల్ని పక్కపక్కన పెట్టడం. నాకు మూడు దొరికాయి. ఒకదాంట్లో 1,450 చదరపు అడుగులు, ఇంకోదాంట్లో 1,380, మూడోదాంట్లో 1,040. మూడూ ఒకే ఇల్లని ఎలా తెలిసిందంటే, వంటింటి కిటికీ కింద మూల విరిగిన టైల్ మూడు చోట్లా ఉంది. 1,040 కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో మనం వాడుకునే నేల. మిగతావి మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపినవి. ఆ రెండింటి మధ్య 70 అడుగుల తేడా ఎందుకో ఏ ఏజెంటూ చెప్పలేదు. చదరపు అడుగు రేటు పోల్చేటప్పుడు అన్ని ఇళ్లకూ ఒకే కొలత తీసుకోండి, లేకపోతే లెక్కంతా తప్పే. భారత్‌లో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది. లోపలి గోడలు అందులోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు.

ఫోటోల్ని పెద్దవి చేసి చూడండి. 1,450 ప్రకటనలో హాల్ గోడ మీద క్యాలెండర్ ఉంది. జూమ్ చేస్తే రెండేళ్ల కిందటిది! ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే గది ఇంకో ఊరి ప్రకటనలో కనిపించినా ఆశ్చర్యపోకండి. అలా కనిపిస్తే మాత్రం దాన్ని వదిలేయండి.

ప్రకటనలో ఉండేది అడిగే ధర. ఎంతకు అమ్ముడైందో తెలియడం దేశాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి జరిగిన అమ్మకాల ధరల్ని ల్యాండ్ రిజిస్ట్రీ ఉచితంగా పెట్టింది. అమెరికాలోని టెక్సాస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న నిబంధనే లేదు. భారత్‌లో 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, ఎనిమిదికి మించి ఫ్లాట్లతో వచ్చే కొత్త ప్రాజెక్టు ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా నియంత్రణ సంస్థ వెబ్‌సైట్ చిరునామా ఉండి తీరాలి. నంబరు లేకపోతే అక్కడే ఆగండి. ఉంటే రెరా సైట్‌లో వెతకండి. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయి, ఏ అనుమతులు పెండింగ్‌లో ఉన్నాయి అన్నవి బిల్డర్ మూడు నెలలకోసారి అక్కడ పెట్టాలి. బ్రోషర్ ఎంత మెరిసినా నేను ముందు చదివేది ఆ పేజీనే. చేతులు మారే పాత ఫ్లాటుకు ఇది పెద్దగా పనికిరాదు, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఇంటి మీద నమోదైన పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే ఫోన్. అదీ వేరే సిమ్‌తో. మూడే అడుగుతాను: ఇల్లు ఇంకా ఉందా, కార్పెట్ ఏరియా ఎంత, మీరు ఓనరా ఏజెంటా? రెండోదానికి నీళ్లు నమిలితే పెట్టేస్తాను.

మా అమ్మాయి ఆ 1,040 ఇంటినే వెళ్లి చూసొచ్చింది, టైల్ అలాగే విరిగి ఉందట. క్యాలెండర్ ప్రకటన సైట్‌లో ఇంకా ఉంది. ఇవాళ చూసినా 'నిన్న పెట్టింది' అనే చూపిస్తోంది.