పాత ఔట్‌బోర్డ్ మోటారు కొంటున్నారా? ముందు ఇంజను చల్లగా ఉందో లేదో చూడండి

ఇటీవల నాకు తెలిసినవారి చిన్న పడవ నడి నీటిలో మోటారు స్టార్ట్ కాక, ప్రవాహానికి అడ్డం తిరిగి, రాళ్ళ గట్టుకు కొట్టుకుని పగిలిపోయింది. అందులోని ముగ్గురూ లైఫ్ జాకెట్లు వేసుకుని ఉండబట్టి ప్రాణాలతో బయటపడ్డారు. పడవ వెనుక పలకకు బిగించే ఆ ఔట్‌బోర్డ్ మోటారును వాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో కొని ఎన్నో రోజులు కాలేదు. చూడటానికి వెళ్ళినప్పుడు తాడు ఒక్కసారి లాగగానే స్టార్ట్ అయిందట. నీటి మీద మోటారు ఆపి, గాలాలు వేసుకుని చాలాసేపు కూర్చుని, తిరిగి బయలుదేరదామని లాగితే మాత్రం కాలేదు. చేతులు బొబ్బలెక్కేదాకా లాగినా కాలేదు. తరువాత విప్పి చూసిన మెకానిక్ కారణం చెప్పాడు: పిస్టన్ రింగులు పూర్తిగా అరిగిపోయాయి, చల్లారిన తరువాత ఆ ఇంజను స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. బేరం రోజున వీళ్ళు వెళ్ళక ముందే అమ్మేవాడు దాన్ని నడిపి వేడెక్కించి పెట్టాడు.

పడవలు మళ్ళీ నీటిలోకి దిగే కాలం వస్తోంది. పాత మోటార్లు ఎక్కువగా చేతులు మారేది ఇప్పుడే. లైఫ్ జాకెట్లు, సరిపడా పెట్రోలు, తెడ్లు వంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పాత మోటారు కొని నష్టపోయినవాళ్ళలో పదే పదే కనిపించే తప్పు ఒకటుంది: వేడిగా ఉన్న ఇంజను చూసి డబ్బు ఇచ్చేయడం. అన్నిటికన్నా ముందు దాని సంగతే చెప్పాలి.

వేడి ఇంజను దాచేవి

ఇంజను వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య సందు తగ్గుతుంది, అప్పటికే పరుచుకున్న ఆయిల్ పొర మిగిలిన సందును కప్పుతుంది. పెట్రోలు సులువుగా ఆవిరి అవుతుంది. చోక్‌తో పనే ఉండదు. అరిగిన రింగులు, బలం లేని స్పార్కు, జిగురు పట్టిన కార్బ్యురేటర్, పాడైన చోక్, వీటిలో ఏది ఉన్నా వేడి ఇంజను బయటపడనివ్వదు. అదే ఇంజను రాత్రంతా చల్లారిన తరువాత పొద్దున్నే లాగి చూడండి, అన్నీ ఒకేసారి బయటికి వస్తాయి.

అందుకే అమ్మేవారి దగ్గరికి వెళ్ళగానే, ధర మాట ఎత్తకముందే, పైమూత తీయించండి. అరచేతిని సిలిండరు హెడ్ దగ్గరగా పెట్టి సెగ తగలడం లేదని తెలిశాక తాకండి. మోటారు ఎండలో ఉంటే పైమూత వేడెక్కుతుంది కానీ లోపలి హెడ్ అంతగా కాగదు. మూత కన్నా హెడ్ వేడిగా ఉంటే దాన్ని కాసేపటి క్రితమే నడిపారని అర్థం. కిందా ఒకసారి చూడండి. నీళ్ళు చిమ్మే రంధ్రం కింద నేల తడిగా ఉందా? ఫ్యాను (నీటిలో తిరిగే ప్రొపెల్లర్) దగ్గర నుంచి నీటి చుక్కలు ఇంకా కారుతున్నాయా? గాలి తీసుకునే చోట ఈథర్ వాసన వస్తోందా? త్వరగా స్టార్ట్ అవడానికి కొట్టే స్ప్రేలో ఆ వాసనే ఉంటుంది. పెట్రోలుతో పాటే ఆయిల్ అందే టూ స్ట్రోక్ ఇంజనుకు అది మరీ చెడ్డది. సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది.

ఇంజను వేడిగా ఉందా? మర్యాదగా లేచి రండి. 'మీకు శ్రమ లేకుండా నేనే స్టార్ట్ చేసి ఉంచాను', 'బాగా పని చేస్తోందో లేదో ఇప్పుడే చూసుకున్నాను' అంటారు. నిజంగానే మంచి మనసుతో చేసి ఉండవచ్చు, అమ్మేవాళ్ళందరూ మోసగాళ్ళు కారు. అయినా మీ జవాబు మారకూడదు: 'రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా ముట్టుకోకండి.' మంచి మోటారు ఉన్నవారికి ఒక రోజు ఆగడంలో పోయేదేమీ లేదు. ఆ మాటకు ముఖం మాడ్చుకున్నారంటే మీ డబ్బు మిగిలినట్టే.

చల్లని ఇంజను అయితే పెట్రోలు గొట్టం మధ్యలో ఉన్న రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా వాల్వు పోయింది. చోక్ లాగి, తాడు మీరే లాగండి, అమ్మేవారి చేతికి ఇవ్వకండి. లాగేటప్పుడు తాడు మీకు ఎదురు తిరగాలి. ప్రతి సిలిండరు దగ్గర ఒక బిగువు, ఆ వెంటనే వదులు చేతికి తెలుస్తాయి. బావిలో ఖాళీ చేద లాగినట్టు సాఫీగా వచ్చేస్తోందంటే లోపల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) లేదు. ఆరోగ్యంగా ఉన్న కార్బ్యురేటర్ మోటారు నాలుగైదు లాగుల్లో స్టార్ట్ అవాలి. టూ స్ట్రోక్ అయితే మొదట నీలం పొగ రావడం మామూలే, వేడెక్కేకొద్దీ తగ్గాలి. ఫోర్ స్ట్రోక్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే అది ఆయిల్ తాగుతోంది.

స్టార్ట్ అయిందని లేవకండి. పావుగంటకు తక్కువ కాకుండా నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ లాగండి. కొన్ని ఇగ్నిషన్ కాయిళ్ళు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక స్పార్కు ఇవ్వడం మానేస్తాయి.

కంప్రెషన్ గేజీతో కొలవడం మాత్రం ఇంజను వేడెక్కిన తరువాతే చేయాలి. ప్లగ్గులన్నీ తీసి, స్పార్కు రాకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలుస్తారు. అంకె ఎంత వచ్చిందన్న దాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపు ఉంటే సరే. ఒకటి 120 పీఎస్ఐ చూపించి, పక్కది 85 దగ్గర ఆగిందంటే అది కొనదగినది కాదు. ఒకే సిలిండరు ఉన్న మోటారుకు పోల్చడానికి పక్కది ఉండదు కాబట్టి ఆ మోడల్ మాన్యువల్‌లోని అంకెతో చూడాలి. తీసిన ప్లగ్గులను వరుసగా పేర్చి చూడండి. మిగతావన్నీ గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండరులోకి నీళ్ళు చేరుతున్నాయి.

చిమ్మే నీళ్ళు, గేరు ఆయిల్

ఔట్‌బోర్డ్ మోటారుకు రేడియేటరు ఉండదు. కింది భాగంలోని పంపు తాను ఉన్న నీటినే తోడి ఇంజనును చల్లబరుస్తుంది. ఆ పంపులో తిరిగేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్. దానికి కందెన నీరే. నీళ్ళు లేకుండా కొద్ది క్షణాలు తిరిగినా ఆ రెక్కలు కాలి చిరుగుతాయి. అందుకే 'ఒక్క నిమిషం నీళ్ళు లేకుండా స్టార్ట్ చేసి చూపిస్తాను' అనేవారిని ఆపండి. డ్రమ్ములో ముంచాలి, లేదా నీరు పీల్చే చోట గొట్టం బిగించాలి.

ఇంజను నడుస్తుండగా పక్కన సన్నటి ధార గట్టిగా, ఆగకుండా రావాలి. ధార నీరసంగా ఉంటే రంధ్రంలోకి సన్నటి తీగ పెట్టి చూడండి, చాలాసార్లు మట్టి, ఉప్పు, సాలీడు గూడు అడ్డుపడి ఉంటాయి. అయినా రాకపోతే ఇంపెల్లర్ పోయినట్టే. ఇంపెల్లర్ మార్చడం పెద్ద ఖర్చు కాదు. అది పోయిన తరువాత కూడా ఎన్నాళ్ళు నడిపారన్నదే అసలు సమస్య. సిలిండరు హెడ్ మీది రంగు పొంగి, పొరలు లేచి, మాడిన గోధుమరంగులోకి మారిందంటే ఆ ఇంజను ఎప్పుడో ఒకసారి బాగా కాలింది. ఇంజను మీద మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించండి.

గేరు ఆయిల్ చూడటంలో ఒక కిటుకు ఉంది. నీరు ఆయిల్ కన్నా బరువు, అడుగుకు చేరుతుంది. మోటారు నిటారుగా కదలకుండా ఉండగా గేరు పెట్టె అడుగున ఉన్న స్క్రూను కొద్దిగా వదులు చేయండి. మొదటి చుక్కలు నీళ్ళయితే, నీరు చొరబడకుండా ఆపే సీలు పోయింది. పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చినా అంతే. స్క్రూ అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పొడి ఉండటం సహజం, వేలికి గుచ్చుకునే ముక్కలు ఉంటే గేర్లు విరుగుతున్నాయి. ఆయిల్ మరీ కొత్తగా, స్వచ్ఛంగా ఉంటే సంతోషించకండి. మీరు వస్తున్నారని నిన్ననే మార్చి ఉండవచ్చు. నీటిలో నడిపిన తరువాత మళ్ళీ తీసి చూడండి.

మీ పడవకు సరిపోతుందా

వెనుక పలక ఎత్తు కొలవకుండా మోటారు కోసం బయలుదేరకండి. మోటారు నుంచి నీటిలోకి దిగే షాఫ్టులు సాధారణంగా 15, 20, 25 అంగుళాల పలకలకు తగినట్టు వస్తాయి. 20 అంగుళాల పలకకు పొట్టి షాఫ్టు బిగిస్తే ఫ్యాను గాలి పీలుస్తుంది, అలల మీద పంపు నీటి నుంచి పైకి తేలుతుంది, ఇంజను కాలుతుంది. ఎత్తు తక్కువ పలకకు పొడుగు షాఫ్టు బిగిస్తే అది నీటిని ఈడుస్తూ, లోతు లేని చోట నేలకు కొట్టుకుంటుంది.

పడవకు గరిష్ఠ హార్స్‌పవర్, బరువు రాసిన పలక ఉంటే దాన్ని దాటకండి. పాత టూ స్ట్రోక్ స్థానంలో అదే హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్టేవాళ్ళు బరువు సంగతి మరిచిపోతారు. ఫోర్ స్ట్రోక్ సాధారణంగా బరువెక్కువ. పడవ వెనుక భాగం కిందికి దిగుతుంది. వేగంగా వెళుతూ ఒక్కసారి థ్రాటిల్ తగ్గిస్తే తన అలే వెనుక నుంచి ఎక్కి పడవను నింపేస్తుంది.

విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది, చేతిలో మంచిది ఉన్నా ఈ ప్రశ్న వేసుకోవాలి. నిస్సాన్ పేరుతో వచ్చినవి తోహట్సు తయారుచేసినవే, కాబట్టి ఆ పేరు చూసి వెనక్కి తగ్గనక్కరలేదు.

ఇక మిగిలినవి

క్రమ సంఖ్య పలక గీకి ఉన్నా, రివెట్లు మార్చి ఉన్నా, అసలే లేకపోయినా కొనకండి. అది ఎవరి దగ్గరో దొంగిలించినది కావచ్చు.

ప్లగ్గు తీగలు తీసి, న్యూట్రల్‌లో పెట్టి ఫ్యానును చేత్తో తిప్పండి. ఫ్యాను బిగించిన షాఫ్టు కొన ఊగితే అది వంగింది.

ఫ్యాను విప్పించండి. వెనుక చేపల దారం చుట్టుకుని ఉంటే సీలును కోసి ఉంటుంది.

గేరులో ఉండగా మోటారు స్టార్ట్ కాకూడదు. స్టార్ట్ అయిందంటే రక్షణ స్విచ్ పోయింది. దాన్ని బాగుచేయించకుండా నీటిలోకి దించకండి.

కిల్ స్విచ్ తాడు లాగి చూడండి. వెంటనే ఇంజను ఆగాలి. తాడు లేకపోతే కొత్తది కొనండి, నడిపేవారి ఒంటికి కట్టుకోవాలి. మనిషి నీటిలో పడితే నడిపేవారు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ అతని మీదికే వస్తుంది.

ఇంజనుకు బదులు తామే తుప్పు పట్టి దాన్ని కాపాడే జింక్ ముక్కలకు రంగు వేసి ఉందా? రంగు కింద అవి పని చేయవు. ఉప్పునీటిలో ఆ తుప్పు ఇప్పటికే ఇంజనును తిని ఉంటుంది.

పైమూత లోపల, మూలల్లో ఎండిన బురద గీత ఉంటే మోటారు ఒకసారి మునిగింది. వదిలేయండి.

బిగింపు బ్రాకెట్‌లో పగుళ్ళు, వెల్డింగు మచ్చలు కనబడితే వదిలేయండి.

పెట్రోలు గొట్టాలు గట్టిపడినా, మెత్తబడి జిగురుగా ఉన్నా మార్చండి, 'ఈ సీజనుకు నడుస్తుంది' అనకండి.

మూసి ఉన్న షెడ్డులో నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

డ్రమ్ములో నడిచిందని కొనకండి. బరువు లాగనిదే గేరు జారడం తెలియదు. పడవకు బిగించి, మనుషులతో, పూర్తి థ్రాటిల్‌తో నడపండి. మాన్యువల్‌లో చెప్పిన ఆర్పీఎం అందుకోవాలి.

అమ్మేవారు నీటి మీద నడిపి చూడనివ్వకపోతే కొనకండి.

ఫోర్ స్ట్రోక్‌ను కంపెనీ చెప్పిన వైపుకే పడుకోబెట్టి తీసుకెళ్ళండి, తప్పు వైపు పడుకోబెడితే ఆయిల్ సిలిండరులోకి చేరుతుంది.

ఇంటికి తెచ్చిన మర్నాడు కూడా చల్లని ఇంజనును మీ చేత్తో స్టార్ట్ చేసి చూడండి. ఆ తరువాత ఇంపెల్లర్, ప్లగ్గులు, గేరు ఆయిల్ మార్చండి. మొదటిసారి నీటిలోకి వెళ్ళినప్పుడు ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ రాగలిగినంత దూరం దాటకండి. అక్కడ మోటారు ఆపి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగి, మళ్ళీ స్టార్ట్ చేయండి.